అట్టపెట్టె టెంప్లేట్ పంపారు, ఇందులో ఏ గీత ఏంటో కాస్త చెప్పండి

కొబ్బరాకు:

అందరికీ నమస్కారం అండి. రాజమండ్రిలో ఆరేళ్లుగా పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, ఇన్‌స్టా పోస్టులు చేస్తున్నాను, ప్యాకేజింగ్ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఆత్రేయపురంలో మా పిన్ని వాళ్లు పూతరేకులు చుట్టి అమ్ముతారు. ఇన్నాళ్లూ తెల్ల డబ్బా మీద స్టిక్కర్ అంటించి లాగించేశారు, ఈ దసరాకి మన పేరుతో సొంత బాక్స్ ఉండాల్సిందే అని పిన్ని పట్టుబట్టింది, ఇంట్లో డిజైనర్ ఉండగా బయటి వాళ్లకి డబ్బులెందుకని ఆ పని నా నెత్తిన పడింది.

బాక్సులు కొట్టే ప్రెస్ వాళ్లు ఒక పీడీఎఫ్ పంపి "ఇందులో డిజైన్ పెట్టి ఇవ్వండి మేడం" అన్నారు, అంతే. ఇలస్ట్రేటర్‌లో తెరిస్తే ఇంటి ప్లాన్ చూసినట్టుంది. ఎర్ర గీతలు, నీలం చుక్కల గీతలు, ఆకుపచ్చ గీత ఒకటి, చుట్టూ పొట్టి పొట్టి ఇంగ్లిష్ మాటలు. యూట్యూబ్‌లో చూద్దామంటే ఒక్కో వీడియోలో ఒక్కో రంగు, ఒకాయన ఎర్రది కట్టింగ్ అంటాడు, ఇంకొకాయన ఎర్రది మడత అంటాడు.

బాక్స్ 210 × 140 × 60 ఎంఎం అని మాట్లాడుకున్నాం, పైన తెరుచుకునే మూత, పది పూతరేకులు పడతాయి. ఫైల్ సైజు చూస్తే 714.5 × 320 ఉంది, వేరే వాళ్లది పొరపాటున పంపారా? నాలుగు పక్కల్లో ఒకటి 140 ఉంటే దానికి జోడీది 139.5 ఉంది, ఇది వాళ్ల తప్పేనా, నేనే సరిచేసెయ్యొచ్చా? గ్లూ ఫ్లాప్ అంటే గమ్ పట్టీ అనుకున్నాను. డస్ట్ ఫ్లాప్, టక్, స్నాప్ లాక్, గ్రెయిన్ అని పక్కన బాణం గుర్తు, ఇవి మాత్రం తెలీలేదు. అంతా అయ్యాక ఈ గీతలు తీసేసి పంపాలా, ఉంచి పంపాలా?

ప్రెస్‌కి ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారేమో, ఒకసారి చేశాను, "డైలైన్ మేడం, స్టాండర్డే" అని పెట్టేశారు. రెండోసారి చేయడానికి మొహమాటం వేస్తోంది.


డై_బాబాయ్:

మొహమాటం పెట్టుకుంటే వేల పెట్టెలు పాడవుతాయి తల్లీ, రెండోసారి కాదు పదోసారైనా ఫోన్ చెయ్. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో డై పంచింగ్ దగ్గర పని చేస్తా, ఇరవై ఏళ్లయింది. రోజూ ఇలాంటి ఫైళ్లు వస్తాయి, గీతలు తీసేసి పంపేవాళ్లు కొందరు, గీతల్ని అందంగా మందం చేసి పంపేవాళ్లు ఇంకొందరు.

ముందు ఒక సంగతి పట్టుకో. ఆ గీతలు బొమ్మ కాదు. మా దగ్గర ప్లైవుడ్ చెక్కలో గాడులు కోసి అందులో స్టీల్ బ్లేడ్లు దిగ్గొడతారు, దాన్నే డై అంటాం. కోసే బ్లేడు ఎత్తు 23.8 ఎంఎం, అంచు పదునుగా ఉంటుంది. మడత వేసే బ్లేడు దానికంటే కొంచెం పొట్టి, అంచు మొండిగా ఉంటుంది, అట్టని తెగనివ్వకుండా నొక్కి వదిలేస్తుంది, దాన్ని క్రీజ్ అంటాం. రెండూ ఒకే చెక్క మీద ఉంటాయి, మిషన్ ఒక్క దెబ్బ వేస్తే కోతా మడతా రెండూ పడిపోతాయి. ఏ గీత మీద ఏ బ్లేడు దిగాలో డై చేసేవాడికి చెప్పేదే నీ టెంప్లేట్, వాళ్లు డైలైన్ అన్నది దీన్నే. (ఈ ఒక్క దెబ్బ సంగతి కూడా పొరపాటున దొరికిందట. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ అనే ఆయన ప్రెస్‌లో విత్తనాల సంచులు వేస్తుంటే మడత వేయాల్సిన ఇనప పట్టీ జరిగి సంచుల్ని కోసేసింది. పోయిన సరుకు చూసి ఏడవకుండా, ఒకే మిషన్ మీద కోయొచ్చు, మడతా వేయొచ్చు అని ఆలోచించాడు. మా మిషన్ మాస్టర్లకి సరుకు పోతే అలాంటి ఆలోచనలు రావు, తిట్లే వస్తాయి.)

రంగుల సంగతి. ఎర్రది కోత, నీలం మడత అని ఎక్కడా చట్టం లేదు. ఒక్కో ప్రెస్‌కి ఒక్కో అలవాటు, అందుకే నీకు వీడియోలు కలవలేదు. ఫైల్ మూలలో చిన్న పట్టిక ఉందేమో చూడు, రంగు పక్కన పేరు రాసి ఉంటుంది. లేకపోతే గీత నడకని బట్టి చెప్పొచ్చు. మొత్తం ఆకారం చుట్టూ తెగకుండా తిరిగేది కోత. పక్కకీ పక్కకీ మధ్య నిలువుగా, మూతకీ పక్కకీ మధ్య అడ్డంగా ఉండేది మడత. ఆకుపచ్చది కోత గీతకి బయట 3 ఎంఎం దూరంలో దాని వెంటే తిరుగుతుంటే అది బ్లీడ్, నీ రంగు అక్కడిదాకా రావాలి. అలా కాకుండా ఒక పక్క మీద అడ్డంగా తునకలు తునకలుగా ఉంటే పర్ఫరేషన్, చింపి తెరిచే చోటు. కొన్ని ఫైళ్లలో హాఫ్ కట్ అని కూడా ఉంటుంది, అట్ట సగం మందం వరకే తెగుతుంది, దాన్నే కొందరు స్కోర్ అంటారు. మన దగ్గర స్కోర్, క్రీజ్ రెండూ మడతకే వాడేస్తారు, కాబట్టి ఆ మాట కనపడితే ఏదో అడిగి తెలుసుకో.

సైజు తప్పు కాదు. అది పెట్టె విప్పి పరిచినప్పటి సైజు, మేం ఓపెన్ సైజ్ అంటాం. నువ్వే కూడు: గమ్ పట్టీ 15, పెద్ద పక్క 210, చిన్న పక్క 140, మళ్లీ 210, ఆఖరిది 139.5. మొత్తం 714.5. నిలువు లెక్క కూడా అంతే, అడుగు రెక్కలు 100, ఎత్తు 60, మూత 140, మూత చివర లోపలికి దూర్చే నాలుక 20, మొత్తం 320. ఈ నాలుకనే టక్ అంటారు. కొలతలు రాసే వరుస కూడా గుర్తుపెట్టుకో, తెరుచుకునే నోరు పొడవు ముందు, నోరు వెడల్పు తర్వాత, లోతు చివర. 60 × 210 × 140 అని రాస్తే అది వేరే పెట్టె అయిపోతుంది.

ఇక 139.5, దాన్ని ముట్టుకోకు, దండం పెడతా. మడిచి గమ్ వేసేటప్పుడు ఆఖరి పక్క వచ్చి గమ్ పట్టీ మీద కూర్చోవాలి, అట్టకీ మందం ఉంది కదా, ఆ అర ఎంఎం తగ్గించకపోతే అంచు మూల దాటి బయటికి పొడుచుకొస్తుంది. కావాలనే తగ్గిస్తారు.

డస్ట్ ఫ్లాప్ అంటే మూత కింద రెండు పక్కల నుంచి లోపలికి మడిచే చిన్న రెక్కలు. స్నాప్ లాక్ అంటే అడుగున నాలుగు రెక్కలు ఒకదాంట్లో ఒకటి చేత్తో దూర్చేది, గమ్ అక్కర్లేదు. ముందే గమ్ వేసి వచ్చి, తెరవగానే అడుగు దానంతటదే బిగుసుకుంటే అది ఆటో లాక్, కొందరు క్రాష్ లాక్ అంటారు. ఖర్చు ఎక్కువ, కానీ పండగ రోజుల్లో పెట్టెలు నింపే చేతులకి సుఖం. గ్రెయిన్ బాణం అట్టలో పీచు నడిచే దిక్కు. ఇలాంటి పెట్టెకి పీచు నిలువు మడతలకి అడ్డంగా నడవాలి, అప్పుడే పక్కలు పొట్టలా ఉబ్బవు. అది మా తిప్పలు, నీ డిజైన్‌కి సంబంధం లేదు.

గమ్ పట్టీ మీద మాత్రం ఇంక్ పడకూడదు, వార్నిష్ కానీ లామినేషన్ కానీ ఉండకూడదు, ఉంటే గమ్ పట్టదు. పక్కనున్న రంగుని మాత్రం మడత దాటి పట్టీలోకి 3 ఎంఎం వరకు రానిచ్చి ఆపెయ్.

ఇప్పుడు కంప్యూటర్ మూసి ఒక పని చెయ్. ఫైల్ యాభై శాతంలో పెడితే ఏ3 కాగితం మీద సరిపోతుంది, జెరాక్స్ షాపులో తీయించి కత్తెరతో కోసి మడిచి టేపు వెయ్. మూతని "మూత" అని, ముందు పక్కని "ముందు" అని పెన్నుతో రాయి. తర్వాత విప్పి చూడు. నేను రాసిన ఇదంతా చదవక్కర్లేకుండానే సగం అర్థమైపోతుంది.


కొబ్బరాకు:

బాబాయ్ గారూ, చాలా చాలా థాంక్స్ అండి. 139.5ని నిన్న రాత్రే 140 చేసేశాను, ఇప్పుడే కంట్రోల్ జెడ్ కొట్టి వచ్చాను. ఆకుపచ్చది బయట 3 ఎంఎం దూరంలోనే తిరుగుతోంది, అంటే బ్లీడ్. పట్టిక ఏమీ లేదు, ఎర్రది చుట్టూ తిరుగుతోంది కాబట్టి కోతే. గీతలు ఉంచాలని అర్థమైంది, మరి అవి ప్రింట్‌లో పడిపోవా? నా ఫైల్‌లో అవి మామూలు ఎరుపు, నీలం రంగులే.


వెక్టర్_వాణి:

పడతాయి! మామూలు ఎరుపులా వదిలేస్తే ఖాయంగా పడతాయి. నేను బెంగళూరులో ప్యాకేజింగ్ స్టూడియోలో చేస్తున్నాను, కొత్తగా చేరేవాళ్లకి మొదటి రోజు నేర్పించేది ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీ ఎర్ర గీత ఇప్పుడు మెజెంటా, ఎల్లో కలిసిన రంగు. అచ్చుకి ఒక్కో ఇంక్‌కి ఒక్కో ప్లేట్ ఉంటుంది, ప్లేట్లు తీసేటప్పుడు అది ఆ రెండు ప్లేట్ల మీదకీ వెళ్లిపోతుంది. అలా వెళ్లకూడదంటే దానికి సొంతంగా ఒక స్పాట్ కలర్, అంటే విడిగా తన ప్లేట్ తనకే ఉండే రంగు ఇవ్వాలి. స్వాచెస్ ప్యానెల్‌లో కొత్త స్వాచ్ తీసి కలర్ టైప్ దగ్గర స్పాట్ ఎంచుకుని, పేరు "డైలైన్ కట్" అని ఇంగ్లిష్‌లో పెట్టండి, మడతకి ఇంకోటి. రంగు మీ ఇష్టం, డిజైన్‌లో ఎక్కడా లేని రంగైతే కళ్లకి తేలిగ్గా కనపడుతుంది. ఇప్పుడు గీతలు ఐదో ప్లేట్, ఆరో ప్లేట్ అవుతాయి, ప్రెస్ వాళ్లు ఆ రెండూ తీయరు, డై కోసం వాడుకుంటారు.

ఇక్కడితో ఆపేస్తే ఇంకో దెబ్బ ఉంది. గీత కింద మీ డిజైన్ రంగు ఉంటుంది కదా, మామూలుగా పై వస్తువు ఉన్న చోట కింది రంగుని సాఫ్ట్‌వేర్ తొలిచేస్తుంది. గీతల ప్లేట్ తీయకపోయినా ఆ తొలిచిన చోటు తెల్లగా మిగిలిపోతుంది, మెరూన్ పెట్టె మీద మడత వెంబడి సన్నటి తెల్ల దారం లాగా. అందుకే గీతలన్నీ సెలెక్ట్ చేసి, ఆట్రిబ్యూట్స్ ప్యానెల్ తెరిచి ఓవర్‌ప్రింట్ స్ట్రోక్ అన్నదానికి టిక్ పెట్టాలి. పెట్టాక విండో మెనూలో సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి డైలైన్ పక్కన ఉన్న కన్ను ఆర్పి చూడండి. గీత పోయి కింద రంగు అతుకు లేకుండా కనపడితే సరిగ్గా చేసినట్టు. నేను ఇప్పటికీ ప్రతి ఫైల్‌కీ ఈ కన్ను ఆర్పి చూస్తాను, అనుభవం ఉంది కదా అని వదిలేసిన రోజే దొరికిపోతాం.

లేయర్లు విడగొట్టండి. పైన డైలైన్, తాళం వేసేయండి. కింద డిజైన్. కొలతలు, బాణాలు, రాతలు ఉన్నవి ఇంకో లేయర్. తాళం ముఖ్యం, ఎందుకంటే మౌస్ తగిలి ఒక్క మడత గీత 2 ఎంఎం జరిగినా మీకు తెలీదు, పెట్టె వచ్చాకే తెలుస్తుంది. సైజు ఒకటికి ఒకటి ఉందో లేదో కూడా మొదట్లోనే చూసుకోవాలి. ముందు పక్కని సెలెక్ట్ చేస్తే ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్‌లో 210 రావాలి. పీడీఎఫ్ కాకుండా డీఎక్స్‌ఎఫ్ అనే క్యాడ్ డ్రాయింగ్ ఫైల్ పంపే ప్రెస్‌లు ఉన్నాయి, అది తెరిచేటప్పుడు స్కేల్ అడుగుతుంది, అక్కడ తప్పు నొక్కితే పెట్టె అగ్గిపెట్టె అవుతుంది.

మడత దగ్గర రంగులు మార్చేటప్పుడు జాగ్రత్త. ముందు పక్క మెరూన్, పక్కది క్రీమ్ అనుకోండి, రెండూ సరిగ్గా మడత గీత మీద కలిసేలా పెడతాం, స్క్రీన్ మీద ముచ్చటగా ఉంటుంది. డై ఒక ఎంఎం అటూ ఇటూ జరగడం మామూలే, అప్పుడు క్రీమ్ పక్క అంచున మెరూన్ గీత కనపడుతుంది. కుదిరితే ఒకే రంగుని మూల తిప్పేయండి, లేదా రంగు మారేది మడతకి కాస్త దూరంగా పెట్టుకోండి. అక్షరాలు, లోగో లాంటివి కోతకీ మడతకీ కనీసం 3 ఎంఎం దూరంగా లోపలికి ఉండాలి, నేనైతే 5 ఇస్తాను.

ఇంకోటి, ప్రెస్‌ని అడగాల్సిన ప్రశ్న: "ఇది ప్రింట్ సైడా, లోపలి సైడా?" డై చేసేవాళ్లు కొందరు అట్ట లోపలి వైపు నుంచి గీస్తారు, అంటే అద్దంలో చూసినట్టు ఉంటుంది. మీకు గమ్ పట్టీ ఎడమ వైపు ఉందనుకోండి, అసలు డైకి కుడి వైపు ఉంటే మీ డిజైన్ మొత్తం వేరే పక్కల మీద కూర్చుంటుంది. స్క్రీన్ చూసి దీన్ని కనిపెట్టలేం, అడగాల్సిందే.

తినే వస్తువు కాబట్టి శాకాహారం గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబర్, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, పదార్థాల జాబితా, వీటికి చోటు ముందే కేటాయించండి, చివర్లో ఇరికిస్తే ఘోరంగా ఉంటుంది. మీ మూత 210 × 140, అంటే 294 చదరపు సెంటీమీటర్లు. 100 నుంచి 500 మధ్య ఉంటే ఆకుపచ్చ చుక్క వ్యాసం కనీసం 4 ఎంఎం ఉండాలి, చుట్టూ చతురస్రం దానికి రెట్టింపు. బార్‌కోడ్ పూర్తి సైజు 37.29 × 25.93 ఎంఎం, 80 శాతం కన్నా తగ్గించొద్దు, మడత మీదకి అసలు రానివ్వొద్దు. మీ 60 ఎంఎం పక్కలో హాయిగా పడుతుంది.


పాతకోరల్:

వాణి గారు చెప్పింది అంతా కరెక్టే కానీ మన వైపు ప్రెస్‌లలో సగం మంది ఫైల్‌ని చివరికి కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లోనే తెరుస్తారు. అక్కడ కూడా గీత మీద రైట్ క్లిక్ చేస్తే ఓవర్‌ప్రింట్ అవుట్‌లైన్ ఉంటుంది, స్పాట్ కలర్ కూడా ఉంటుంది, ఇలస్ట్రేటర్ లేదని ఎవరూ బెంగ పెట్టుకోవక్కర్లేదు.

నేను రాసేది తెలుగు అక్షరాల గురించి, ఎందుకంటే దెబ్బ తిన్నవాడిని. మూడేళ్ల కిందట ఒక స్వీట్ షాపుకి పెట్టె చేశాను. పక్కల మీద "స్వచ్ఛమైన నెయ్యి" అని పెద్దగా, బంగారు ఫాయిల్‌తో. నా సిస్టమ్‌లో బ్రహ్మాండంగా ఉంది. టెక్స్ట్‌ని కర్వ్స్ చేయకుండా, అంటే అక్షరాల్ని ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా మార్చకుండా పంపాను, టైమ్ లేదు, వాళ్లే తర్వాత చిన్న మార్పు చేసుకుంటారులే అనుకున్నాను. ప్రెస్‌లో తెరిచేసరికి ఆ ఫాంట్ లేదు, ఇంకేదో వచ్చి కూర్చుంది, వత్తులన్నీ విడిపోయాయి. అక్కడ ఫైల్ చూసే కుర్రాడికి తెలుగు రాదు, వాడి తప్పేముంది. 2,000 పెట్టెల మీద మెరిసే బంగారు అక్షరాలతో "నెయ్‌యి". షాపు ఆయన నన్ను పిలిచి ఏమీ అనలేదు, పెట్టె చేతిలో పెట్టి చదవమన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

కాబట్టి అమ్మా, మొదట నీ ఇలస్ట్రేటర్‌లోనే వత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకో. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ఇండిక్ ఆప్షన్స్ చూపించమని టిక్ పెట్టి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే "ఆత్రేయపురం" కాస్తా "ఆత్‌రేయపురం" అయిపోతుంది. రామభద్ర, మల్లన్న, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పెట్టె మీద పేరుకి రామభద్ర బాగా నిండుగా ఉంటుంది. అను ఫాంట్లతో చేస్తే వత్తుల బాధ ఉండదు కానీ ఆ టెక్స్ట్ కాపీ చేసి ఇంకో చోట పెడితే ఇంగ్లిష్ చెత్త వస్తుంది, అది గుర్తుంచుకో. చివర్లో అంతా సెలెక్ట్ చేసి క్రియేట్ అవుట్‌లైన్స్, కంట్రోల్ షిఫ్ట్ ఓ. దానికి ముందు మార్చుకోదగిన కాపీ ఒకటి వేరే పేరుతో దాచుకో. అవుట్‌లైన్ చేశాక ఇంట్లో డిజైన్ తెలియని వాళ్లతో గట్టిగా చదివించు. నేను ఇప్పుడు మా అమ్మతో చదివిస్తాను, కళ్లజోడు పెట్టుకుని మరీ తప్పులు పట్టుకుంటుంది.


టీకప్పు:

ఇంత కష్టమెందుకు, ఫ్రీ టెంప్లేట్లు ఇచ్చే సైట్లు బోలెడున్నాయి, 210 × 140 × 60 కొడితే డైలైన్ వచ్చేస్తుంది కదా బ్రో.


డై_బాబాయ్:

వస్తుంది బాబూ, నేర్చుకోవడానికి మంచిదే. కానీ ఆ సైటుకి మా అట్ట మందం తెలీదు, మా డై తెలీదు. అట్టలో ఒకే 300 జీఎస్‌ఎం అయినా ఎఫ్‌బీబీ అనే రకం మందంగా ఉంటుంది, ఎస్‌బీఎస్ అనే రకం పల్చగా ఉంటుంది, వెనక బూడిద రంగుండే గ్రే బ్యాక్ డూప్లెక్స్ ఇంకోలా ఉంటుంది. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములో ఆ బరువే కానీ మందం కాదు. మందం మారితే నాలుక దూరే సందు మారుతుంది, అక్కడే మూత బిగుసుకోవడమో ఊడిపోవడమో. ఈ అమ్మాయికి ప్రెస్ వాళ్లే ఇచ్చారు కాబట్టి అదే వాడాలి.

అన్నట్టు తల్లీ, వాళ్ల దగ్గర ఈ సైజుకి దగ్గర్లో రెడీ డై ఉందేమో అడుగు. 5 ఎంఎం అటూ ఇటూ అయినా పర్వాలేదు అనుకుంటే కొత్త డై ఖర్చు మిగులుతుంది. ఆర్డర్ ఖాయం చేసే ముందు వైట్ డమ్మీ కూడా అడుగు, అదే అట్టతో ప్రింట్ లేకుండా ఒక పెట్టె కోసి ఇస్తారు. అందులో నిజంగా పది పూతరేకులు పెట్టి మూత వేసి చూడండి, పూతరేకు నలిగితే పొడే కదా.


అట్టపెట్టె:

కొరియర్‌లో పంపే ఉద్దేశం ఉంటే ఇప్పుడే ఒక మాట. నేను కాకినాడ దగ్గర కరుగేటెడ్ (మధ్యలో అలల పొర ఉండే అట్ట) పెట్టెల యూనిట్‌లో చేస్తా. బయటి పెట్టెకి కూడా టెంప్లేట్ ఇస్తారు, దాని మీద ఫెఫ్కో 0201 అని నంబర్ ఉంటుంది, భయపడొద్దు. పెట్టె ఆకారాలకి యూరప్ వాళ్లు పెట్టిన నంబర్లు అవి. 0201 అంటే మనం రోజూ చూసే మామూలు అట్టపెట్టె, పైన నాలుగు రెక్కలు, కింద నాలుగు, టేపు వేసేది. 0427 అంటే ఆన్‌లైన్ పార్సిళ్లలో వచ్చేది, మూత దాంతోనే కలిసి ఉండి చెవులు లోపలికి దూరతాయి. మీ స్వీట్ బాక్స్ లాంటి డూప్లెక్స్ పెట్టెలకి ఇలాగే ఈసీఎంఏ నంబర్లు ఉంటాయి.

ఇక్కడ కొలత ఎప్పుడూ లోపలి కొలతే. పన్నెండు బాక్సులు రెండు వరుసలు, రెండు నిలువులు, మూడు అంతస్తులు పేరిస్తే లోపల 430 × 290 × 190 కావాలి అనుకుందాం. ఐదు ప్లై (ఐదు పొరల అట్ట) వేస్తే గోడ దాదాపు 7 ఎంఎం, అంటే బయట 444 × 304. ఎత్తులో మాత్రం రెక్కలు పైనా కిందా రెండేసి పొరలు వస్తాయి కాబట్టి 28 కలిపి 218. చాలా కొరియర్ల వాళ్లు ఈ బయటి కొలతలు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు లెక్క కడతారు, ఇది 5.9 కేజీల దాకా పోతుంది, పూతరేకులు అంత తూగకపోయినా. మీ పిన్నికి ఈ లెక్క ముందే చెప్పండి.

ప్రింటింగ్ ఫ్లెక్సోలో (రబ్బరు లాంటి మెత్తటి ప్లేట్‌తో వేసే అచ్చు) ఉంటే సన్న గీతలు, షేడింగులు వద్దు. ఒకటి రెండు రంగులు, లావు అక్షరాలు. పెట్టె మీద దేవుడి బొమ్మ గ్రేడియంట్‌తో అడిగేవాళ్లు నెలకి ఇద్దరు వస్తారు మాకు.


కొబ్బరాకు:

అందరికీ దండాలు అండి. నాలుగు రోజులు తీసుకున్నాను, ఇప్పుడు చెప్తా.

బాబాయ్ గారు చెప్పినట్టు ఏ3లో సగం సైజుకి తీయించి కోసి మడిచాను. ఫైల్‌లో మూత మీద పేరు నిటారుగా చక్కగా పెట్టుకున్నాను కదా, మడిచి ముందు వైపు నుంచి చూస్తే తల్లకిందులు! ఒక పది నిమిషాలు పిచ్చి పట్టింది. మూత వెనక పక్కకి అతుక్కుని ఉంది, అది ముందుకి వాలుతుంది కాబట్టి ఫైల్‌లో పేరు తల్లకిందులుగా ఉంటేనే పెట్టె మీద నిటారుగా వస్తుందని అప్పుడు అర్థమైంది. స్క్రీన్ మీద ఎన్నాళ్లు చూసినా నాకు తట్టేది కాదు.

గీతలకి స్పాట్ కలర్, ఓవర్‌ప్రింట్ రెండూ పెట్టాను, వాణి గారూ, కన్ను ఆర్పి చూశాను, శుభ్రంగా ఉంది. ప్రెస్‌కి మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి "ఇది ప్రింట్ సైడా, లోపలి సైడా" అని అడిగేసరికి అవతలాయన గొంతు మారింది, "ఒక్క నిమిషం మేడం" అని డై చేసే ఆయనకే ఫోన్ ఇచ్చారు. ప్రింట్ సైడే అట. రెడీ డై 212 × 140 × 60కి ఉందట, పిన్ని సరే అంది, కొత్త టెంప్లేట్ పంపారు, డిజైన్ అందులోకి మార్చాను. ఇందులో కూడా ఆఖరి పక్క 139.5 ఉంది, చూసి నవ్వుకున్నా.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ లోగో కూడా మూత మీద వేద్దాం అంది పిన్ని. ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదైన వాళ్లే వాడాలని చెప్పాను, కాగితాలు వెతుకుతోంది. అప్పటిదాకా ఆ మూల ఖాళీగా ఉంచాను. వైట్ డమ్మీ శుక్రవారం ఇస్తామన్నారు, పది పట్టాయో లేదో పెట్టి చూసి చెప్తా. "నెయ్యి" మాత్రం మా అమ్మమ్మతో మూడుసార్లు చదివించాను పాతకోరల్ గారూ.